షడ్జమంలో గబ్బిలాలు

దస్తగిరి నాదస్వరం ఊదుతుంటే ముహూర్తం ఇంకాస్త ఆలస్యమైతే బాగుండునని పెళ్లివారే అనుకునేవారు. నంద్యాల చుట్టుపక్కల అంత పేరున్న విద్వాంసుడికీ ఒక పిరికితనం ఉండేది. నాదస్వరం కొసన తగిలించి ఊదే పీకను తాను ఎంచుకోలేడు. రెల్లు కోసుకురావడం, ఉడకబెట్టడం, నీడలో ఆరబెట్టడం, దారం చుట్టి అంచులు చాకుతో చెక్కడం, అన్నీ సొంత చేతులతోనే చేసుకునేవాడు. తీరా అన్నీ అయ్యాక పీకలు పళ్లెంలో పోసుకుని భార్య మాబున్ని ముందు కూర్చునేవాడు. ఒక్కొక్కటే నాదస్వరానికి తగిలించి షడ్జమం పట్టేవాడు. ఆమె ఏది మంచిదంటే ఆ రోజుకు అదే. పెళ్లయిన కొత్తలో సరదాగా మొదలైన ఈ అలవాటు పోనుపోను ఎంత ముదిరిందంటే, ఆమె ఊళ్లో లేని రోజుల్లో అతను కచేరీలు ఒప్పుకోవడమే మానేశాడు.

మాబున్ని సంగీతం నేర్చుకున్న మనిషి కాదు. గబ్బిలాల మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. కాకపోతే చెవి మాత్రం దేవుడిచ్చిన చెవి. స్వరం వెంట్రుకవాసి జారినా ఆమె కనుబొమ్మ లేచేది. కోడలి ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే అత్త జమాలమ్మ మూతి తిప్పి, "గవిలోకి పోయి గబ్బిలాలను పలకరించి వస్తాది. మా ఇంటికొచ్చిన చుట్టాలను ఎవరు పలకరిస్తారో మరి" అనేది.

ఆ రోజు ఆళ్లగడ్డలో పెళ్లి. పొద్దున్నే దస్తగిరి పళ్లెంతో కూర్చున్నాడు. మొదటి పీక తగిలించి ఊదాడు. మాబున్ని కళ్లు మూసుకుంటే అతను ఎప్పుడూ పొంగిపోయేవాడు, లీనమై వింటోందని. ఈమధ్య ఆమె కళ్లు తెరుచుకునే ఉంటోంది. రెండోది ఊదాడు. మూడోది ఊదుతుండగా అతని కనుబొమ్మల మధ్య ముడి విడిపోయింది, మొహం తేటపడింది.

"ఇదే," అంది మాబున్ని.

"ఇదేనా?"

"ఇదే. సందేహమేముంది?"

దస్తగిరి ఒక్క క్షణం ఆమె వంక చూశాడు. మాబున్ని వెనక నుంచి జమాలమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చింది. అది తాగేసి, ఆ పీకనే డబ్బాలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

అతను గుమ్మం దాటాక మాబున్నికి తట్టింది. కాఫీ! అతని మొహం తేటపడింది పీక బాగుండి కాదు, తల్లి కాఫీ తెస్తుంటే చూసి.

ఎందుకంటే ఏడాది పైనుంచీ మాబున్ని పీకలను చెవితో ఎంచడం లేదు. భర్త మొహం చూసి ఎంచుతోంది.

*

కొలిమిగుండ్ల దాటాక మెట్టపొలాల మధ్య గవిగుట్ట ఉంది. పైన ముళ్లచెట్లు, లోపలంతా సున్నపురాయి. ఆ గుట్ట పొట్టలో ఒక గవి, చీకటి గుహ. ఆ గవి నిండా ఆకుముక్కు గబ్బిలాలు. ఇవి నోటితో కూయవు, ముక్కుతో కూస్తాయి. ముక్కు చుట్టూ ఆకులా విచ్చుకున్న చర్మపు మడతలు ఆ కూతను ఒక దిక్కుకు తోస్తాయి. గోడకో పురుగుకో తగిలి వెనక్కొచ్చే ప్రతిధ్వనితో అవి చీకటిని చూస్తాయి. ఆ మడతలు ఒక్కో జాతికి ఒక్కో తీరు. అందుకే పాతకాలం వాళ్లు వల వేసి పట్టి, ముక్కు పక్కన మడతలు ఎన్నున్నాయో చూసి, ముంజేతి ఎముక కొలిచి, ఇది ఫలానా జాతి అని తేల్చేవారు.

గవిగుట్టలో ఆ పప్పులు ఉడకలేదు. అక్కడ ఒకే రకంగా కనబడే గబ్బిలాల్లో రెండు జాతులున్నాయని మాబున్ని అనుమానం. రంగు అదే, ఎముక అదే, మడతలూ అన్నే. ఒకటి దేశమంతా ఉండే మామూలు జాతి. రెండోది నిజంగా వేరే జాతి అయితే, ఆ గవిలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా ఉన్నట్టు ఎవరికీ తెలియదు. పైగా పిల్లల కాలంలో వల వేస్తే తల్లులు బెదిరి పిల్లల్ని జారవిడుస్తాయి. కూతలు పట్టే యంత్రాలు పెట్టి చూశారు. కూత ఎంత ఎత్తులో ఉందో యంత్రం చెప్పగలదు. కానీ గాలిలో తడికీ, గబ్బిలం వయసుకూ ఆ ఎత్తు అటూ ఇటూ జరిగిపోతుంది. రెండు రకాల కూతలూ ఒకదాని మీద ఒకటి పడి, యంత్రం చేతులెత్తేసింది.

అప్పుడే పరిశోధన కేంద్రంలో శేషఫణి అనే ఇంజనీరు గవ్వను తయారుచేశాడు. చెవి వెనక తగిలించే గవ్వంత బిళ్ల అది. దాని నుంచి వెంట్రుకకన్నా సన్నని తీగ లోపలి చెవిలోకి పోతుంది. మనిషికి వినబడని గబ్బిలం కూతను కిందికి దించి నరానికి అందిస్తుంది. కూతా ప్రతిధ్వనీ కలిసిపోకుండా కూతను ఒక స్థాయిలో, ప్రతిధ్వనిని ఇంకో స్థాయిలో వినిపిస్తుంది. మిగతాది మెదడు చూసుకుంటుంది. మనం గొంతు విని మనిషిని పోల్చుకునేటప్పుడు లెక్కలు వేస్తామా? అలాగే నెలల తరబడి వినగా వినగా గబ్బిలం కూత కూడా తెలిసిన గొంతు అవుతుంది.

ఆ రెండు స్థాయిలు ఏవి కావాలో పెట్టుకునేవాళ్ల ఇష్టం. వేరే ఊళ్లలో గవ్వ పెట్టుకున్నవాళ్లు ఏదో ఒక ధ్వనిని, అర్థంపర్థం లేనిదాన్ని, ఎంచుకున్నారు. మాబున్ని మాత్రం ఆలోచించకుండా, "షడ్జమం, పంచమం. మా ఇంట్లో రెండున్నర శ్రుతి," అంది. ఇరవై ఏళ్లుగా పొద్దున్నే వింటున్న స్వరాలు. నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. వాటి మీద కూతను కూర్చోబెడితే అది ఏ కొంచెం జారినా పట్టేస్తుంది. శేషఫణి కూడా భలే అన్నాడు.

నిజంగానే భలే పనిచేసింది. మామూలు రకం కూత షడ్జమం మీద నిలిచి, చివర్లో ఠక్కున కిందికి రాలుతుంది. రెండో రకం అదే షడ్జమం మీద నిలిచి, చివర్లో చిన్న వంపు తిరిగి మెల్లగా దిగుతుంది. ప్రతిధ్వని కూడా అంతే. ఒకదాని పంచమం సన్నగా ఒక చోటే తగులుతుంది, ఇంకొకదానిది పరుచుకుని వస్తుంది. యంత్రం స్వరాన్ని చూసిందే గానీ గమకాన్ని చూడలేదు. మాబున్ని చూసింది.

ఆ రోజు సాయంత్రం కూడా ఆమె గవి నోటి దగ్గర బండ మీద కూర్చుంది. పొద్దు గుంకగానే గబ్బిలాలు మొదట ఒకటీ అరా, తర్వాత గుంపుగా బయటికి వచ్చాయి. వాటి కూతలతో ఆమె చుట్టూ ఉన్న చోటంతా గట్టిపడి తెలిసింది. వెనక గోడ ఎంత దూరం, తల మీది బండ ఎంత ఎత్తు, కళ్లు మూసుకున్నా తెలిసిపోతోంది. మామూలుది, మామూలుది, రెండోది, మామూలుది, రెండోది పిల్లను పొట్టకు అంటిపెట్టుకుని ఉంది, బరువుగా తిరుగుతోంది.

పక్కనే ఉన్న శేషఫణి, "నిపుణుల సంఘం ఈ సీజన్లోనే వస్తుందట మేడం. పిల్లలు ఎగరడం మొదలుపెట్టగానే. సిమెంటు కంపెనీవాళ్లు గుట్ట తవ్వేందుకు అనుమతి అడిగి ఎన్నాళ్లయిందో! సంఘం వచ్చినప్పుడు మీరు వాళ్లెదుట రెండు రకాలూ తేల్చి చెప్పాలి. లేకపోతే గుట్ట వాళ్లదే, తప్పు పట్టేందుకు కూడా ఏముండదు" అన్నాడు.

మాబున్ని తలూపింది. ఆమె ఆలోచన ఆళ్లగడ్డలో ఉంది.

*

దస్తగిరి ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టారు. కాళ్లు కూడా కడుక్కోకుండా డబ్బా తెరిచి, ఆ పీకను తీసి మాబున్ని అరచేతిలో పెట్టాడు.

"గట్టిమేళం టైముకు గొంతు పట్టుకునింది," అన్నాడు. "తాళి కట్టేటప్పుడు సన్నాయి కీచుమనింది. డోలు ఓబులేసు గట్టిగా వాయించి కప్పెట్టినాడు కాబట్టి సరిపోయింది."

మాబున్ని పీకను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది మంచిది కాదని నాకు పొద్దున్నే అనిపించింది మాబూ. నువ్వన్నావని పెట్టుకుంటి. ఏమైంది నీకు?"

ఇంక దాచేందుకు లేదు. ఆమె చెప్పేసింది. గవ్వ పెట్టుకున్నాక కూడా మాటలన్నీ బాగానే వినబడతాయి, మాట ఏ స్వరం మీదా నిలబడదు కనుక. కానీ అతను షడ్జమం పట్టాడంటే ఆమెకు షడ్జమం వినబడదు. చుట్టూ రాతి గోడలు లేస్తాయి. తల మీద పైకప్పు ఎంత ఎత్తో తెలుస్తుంది. ఎక్కడో ఒక గబ్బిలం తిరుగుతూ ఉంటుంది. పంచమానికి వెళ్లాడంటే ఆ గోడ నుంచి ప్రతిధ్వని వస్తుంది. షడ్జమ పంచమాలు లేని పాట ఆ ఇంట్లో ఏముంది? ఏది ఊదినా గవే.

"రాగం?" అన్నాడు దస్తగిరి.

"తెలీదు. ఏ రాగమో కూడా తెలీదు."

"ఎప్పటినుంచి?"

"పోయిన వానాకాలం నుంచి."

దస్తగిరి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "ఏడాది దాటింది. అయితే ఈ ఏడాదంతా బాగుండాది, బాగుండాది అని తలూపుతాంటివి గదా. కమలాపురంలో నేను అంతసేపు ఆలాపన చేస్తే కండ్లల్ల నీళ్లు పెట్టుకుంటివి."

"ఏడుపొచ్చి ఏడిస్తి. వినపడక ఏడిస్తి."

అతనికి కోపం వచ్చింది. కేకలేసే మనిషి కాదు కాబట్టి కోపం లోపలే తిరిగింది. "మరి పీకలు ఎట్ల ఎంచుతాంటివి?"

"నీ మొహం చూసి. ఏది ఊదినప్పుడు నీ కనుబొమ్మల ముడి ఇడుస్తాదో అది. ఏడాది నుంచి నీ పీకలు నువ్వే ఎంచుకుంటాండావు. ఒక్కటీ తప్పు పోలేదు. ఈ పొద్దు అత్త కాఫీ తెచ్చె, నేను పొరపడితి."

వేరే రోజయితే ఇద్దరూ పడీ పడీ నవ్వేవారు. దస్తగిరి లేచి నాదస్వరానికి గుడ్డ చుట్టి అటక మీద పెట్టేశాడు. "నాకు ముందే చెప్పుంటే ఏం పోయేది మే?" అన్నాడు. "గవ్వ తీసెయ్యమంటానని భయపడితివి. అంతేనా?"

అంతే. అదే నిజం కాబట్టి ఆమె కాదనలేకపోయింది.

*

మరుసటి వారం శేషఫణి ఆమె తలకు తీగలు తగిలించి, రకరకాల ధ్వనులు వినిపిస్తూ మెదడు పటం తీశాడు. తెర మీద వెలుగుతున్న చోట్లను చూస్తున్నకొద్దీ అతని మొహం మాడిపోయింది.

"తప్పు నాదే మేడం," అన్నాడు. "స్థిరమైన స్వరాలు కదా, గుర్తుపట్టడం తేలికని సంతోషించాను. అవి మీలో ముందే ఇల్లు కట్టుకుని ఉన్నాయన్న సంగతి నాకు తట్టలేదు. గబ్బిలాలు వెళ్లి ఆ ఇంట్లోనే కాపురం పెట్టాయి. ఖాళీ స్థలం ఎంచుకున్నవాళ్లకు ఏ ఇబ్బందీ రాలేదు."

"ఖాళీ చేయించలేమా?"

"ఇప్పుడే గవ్వ తీసేసి, ఈ సీజనంతా గబ్బిలం కూత చెవిన పడకుండా ఉంటే పాత దారి మళ్లీ తెరుచుకుంటుందనే నా నమ్మకం. మీ వారు రోజూ ఊదుతూ ఉండాలి, మీరు వింటూ ఉండాలి. ఈ సీజన్లో కూడా వింటే మాత్రం అది గట్టిపడిపోతుంది. ఆ తర్వాత గవ్వ తీసేసినా ఒకటే, ఉంచుకున్నా ఒకటే."

"స్థాయిలు మార్చి పెట్టుకుంటే?"

"మళ్లీ మొదటి నుంచీ నేర్చుకోవాలి. మీకు ఈ రెండు రకాలూ తేడా తెలియడానికి ఎంత కాలం పట్టిందో గుర్తుంది కదా. సంఘం అన్నాళ్లు ఆగదు. వేరే వాళ్లను పిలిపిద్దామంటే ఈ గవి కూత తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు."

మాబున్ని ఇంటికి వచ్చేసరికి వంటింట్లో పెద్ద గిన్నెలో రెల్లు ముక్కలు ఉడుకుతున్నాయి. దస్తగిరి గరిటెతో తిప్పుతున్నాడు. జమాలమ్మ పీట మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. మాబున్ని ఉన్నదున్నట్టు చెప్పింది. ఈసారి ముందుగానే చెప్పింది.

దస్తగిరి గరిటె ఆపలేదు. "నువ్వేమనుకుంటాండావు?"

"నేను వినకపోతే ఆ గుట్ట పోతాది. ఆ రెండో రకం ఇంగ యాడా లేదు. పోతే పోయినట్టే."

"అయితే విను."

"అంత సులభంగా చెప్తావేంది?" మాబున్ని గొంతు పెరిగింది. అతను వద్దంటే పోట్లాడదామని దారంతా సిద్ధపడి వచ్చింది. వద్దనకపోయేసరికి ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. "నేను నిన్ను మళ్లీ ఎప్పుడూ వినలేను. అర్థమయ్యిందా నీకు? చచ్చేదాకా."

"అర్థమయ్యింది మాబూ. నేను వద్దంటే ఏమైతాది? నువ్వు ఇంట్లో కూర్చుని నా పాట వింటాంటావు. ఆ పక్క గుట్ట పగలగొడతాంటారు. నేను షడ్జమం పట్టినప్పుడల్లా నీకు అవే గుర్తొస్తాయి. అప్పుడు కూడా నువ్వు వినేది నన్ను కాదు." గరిటె పక్కన పెట్టాడు. "బాధ లేదని చెప్పను. శానా ఉండాది. నేను ఊదేది ఊళ్లో వాళ్ల కోసరమా? నీ ఒక్కదాని తల ఊపు కోసరం."

మాబున్ని కళ్లు తుడుచుకుంది. జమాలమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"వాడు చిన్నప్పుడు నేర్చుకునేటప్పుడు రేయీ పగలూ ఆ కీచులాట పడలేక చెవుల్లో దూది పెట్టుకుంటి నేను," అంది. "దూదేకులోళ్లం, దూదికి మన ఇంట్లో ఏం కొదవ? నాలుగేండ్లు వాడి పాట వినలేదు. నేను వాడికి తల్లిని కాకుండా పోతినా? అన్నం పెట్టుకుని తినండి పోండి."

*

నిపుణుల సంఘం వచ్చిన సాయంత్రం గాలి లేదు. ముగ్గురు వచ్చారు. వాళ్లలో తల నెరిసిన పెద్దావిడ ఒకామె, వల వేసి కొలిచే పాత పద్ధతిలో పేరుమోసిన మనిషి. గవ్వ మీద ఆమెకు నమ్మకం లేదు. ఆ సంగతి మర్యాదగానే చెప్పింది.

"నేను కళ్లతో చూడనిదాన్ని ఒప్పుకోను అమ్మా. మీరు చెప్పండి, నేను పట్టి చూస్తాను."

పిల్లలు అప్పటికే ఎగరడం నేర్చాయి కనుక కొన్ని మగవాటిని మాత్రం పట్టేందుకు అనుమతి ఉంది. గవికి ఒక పక్కగా సన్నని వల కట్టారు. మాబున్ని వలకు వీపు పెట్టి కూర్చోవాలి. వల వైపు వచ్చే ప్రతిదాన్నీ అది తగలకముందే ఫలానా రకమని చెప్పాలి. పడినదాన్ని గుడ్డ సంచిలో వేసి, ఆమె చెప్పిన మాట చీటీ మీద రాసి కడతారు. రెండు రకాల రక్తమూ పరీక్షకు పోతుంది. తప్పు చెబితే దాచుకునే వీలు లేదు.

మొదటి గబ్బిలం బయటికి వచ్చింది. షడ్జమం, ఠక్కున రాలింది.

"మామూలుది."

తర్వాత వరసగా చెబుతూ పోయింది. మామూలుది. రెండోది. రెండోది, వయసులో ఉంది. మామూలుది, ఒక రెక్క అంచు చిరిగింది. ఆ చివరి మాటకు పెద్దావిడ టార్చి వేసి సంచిలోకి చూసి, "నిజమే, చిరిగింది" అని నెమ్మదిగా అంది.

మాబున్ని ఆ మాట వినలేదు. దీంతో తనకు పాట వినే దారి మూసుకుపోతుందని, ఒక్కో కూతతోనూ భర్త స్వరం మీద ఒక్కో రాయి పడుతోందని ఆమెకు తెలుసు. అయినా ఆ వేళ ఆమెకు కలిగింది ఆనందమే, దాచుకోవడం ఎందుకు? ప్రపంచంలో ఇంకెవరూ వినని గొంతులు అవి. ఒక్కొక్కటీ ఆమెను పలకరించి పోతున్నట్టే ఉంది. గుంపంతా బయటపడి గవి ఖాళీ అయ్యాక కూడా ఆమె లేవలేదు. శేషఫణి చెయ్యి అందించి లేపాల్సి వచ్చింది.

ఫలితాలు చలికాలంలో వచ్చాయి. ఒక్కటీ తప్పలేదు. పెద్దావిడ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, రెండో రకం ముక్కు ఆకు వెనక గోరంచు అంత మడత ఒకటి ఎక్కువుంది. ఎవరూ చూడనిది, వెతికితే తప్ప కనబడనిది. గవిగుట్టను ముట్టుకోవద్దని తేల్చారు. కేంద్రంలో మిఠాయిలు పంచారు. అదే రోజు శేషఫణి మరోసారి మెదడు పటం తీశాడు. తీశాక ఆమె వంక చూడలేకపోయాడు. ఆమే అతని భుజం తట్టి, "తెలిసిందే కదా," అని బయటికి వచ్చింది.

*

ఆ నెలలన్నీ ఇంట్లో నాదస్వరం మోగలేదు. దస్తగిరి సాధనకు ఓబులేసు ఇంటికి పోయేవాడు. పీకలు ఓబులేసు ఇంటి అరుగు మీదే చెక్కుకునేవాడు, తనకు తోచినట్టు ఎంచుకునేవాడు. కచేరీలు తగ్గించుకున్నాడు. ఎందుకని అడిగితే ఓపిక లేదనేవాడు. పొద్దున్నే లేచి కాఫీ తాగే వేళకు ఇల్లు బోసిగా ఉండేది. ఇద్దరూ మర్యాదగా మాట్లాడుకునేవారు, కూర బాగుందనీ, కరెంటు పోయిందనీ. మాబున్నికి ఆ మర్యాద అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించింది. పోట్లాడినా బాగుండేదనిపించింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక దస్తగిరి గుడ్డలో చుట్టిన పొట్టి నాదస్వరం ఒకటి పట్టుకుని వచ్చాడు. మాబున్ని చాప మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. ఎదురుగా కూర్చున్నాడు.

"ఇది తిమిరి. పాతకాలం వాళ్లు ఊదేది," అన్నాడు. "ఓబులేసు వాళ్ల మామది. మూడు నెలలుగా తంటాలు పడతాండా. పట్టు వేరే, ఊదే బలం వేరే. దీని శ్రుతి నాలుగు."

"అయితే?"

"నీ గబ్బిలాలు కూర్చునింది రెండున్నర శ్రుతి షడ్జమంలో, పంచమంలో. ఆ రెండు చోట్లే గదా? మిగతా చోట్ల నీకు ఏ ఇబ్బందీ లేదు గదా?"

"లేదు. కానీ అవి రెండూ లేకుండా..."

"ఆ రెండూ గొంతుతో పాడి చూపియ్యి."

ఆమె పాడింది. పాడుతుంటేనే ఆమె చుట్టూ గవి లేచి నిలబడింది. దస్తగిరి తిమిరి రంధ్రాల మీద వేళ్లు జరుపుకుంటూ, ఊదకుండానే లెక్కవేసుకున్నాడు.

"నీ పాత షడ్జమం దీంట్లో నిషాదమైతాది. నీ పాత పంచమం మధ్యమం. సరే, ఆ రెండూ వాటికే ఇడిసిపెడదాం."

"మధ్యమం, నిషాదం లేకుండా ఏం ఊదుతావయ్యా?"

"ఆ రెండూ లేని రాగం, మోహనం ఉండాది గదే," అన్నాడు దస్తగిరి.

పీక పెదాలకు ఆనించి షడ్జమం పట్టాడు.

గోడలు లేవలేదు. పైకప్పు రాలేదు. ఆదివారం మధ్యాహ్నం చాప మీద, మడతపెట్టిన బట్టల మధ్య, నాదస్వరం మోగింది. ఆ మోతే చాలు మాబున్నికి. రిషభం వచ్చింది, గాంధారం వచ్చింది. గాంధారం నుంచి పంచమానికి జారేటప్పుడు మధ్యలో ఒక గబ్బిలం రెక్క విదిలించి పోయింది. ఆమెకు నవ్వొచ్చింది, కళ్ల నుంచి నీళ్లొచ్చాయి. దస్తగిరి అది గమనించి, తర్వాతిసారి జారకుండా ఒక్క గెంతులో పంచమాన్ని అందుకున్నాడు. మోహనం అల్లుకుంటూ పోయింది. ఇంత దగ్గరగా, ఇంత ఒంటరిగా అతని పాట ఆమె ఎన్నడూ వినలేదు. ఇన్నాళ్లూ ఆకలితో ఉన్న చెవి ఒక్క చుక్క కూడా కింద పడనివ్వడం లేదు.

అందుకే విన్నది. పైస్థాయి గాంధారం మీద అతను ఆగాల్సిన చోట ఆగలేదు. ఊపిరి తీసుకోవాల్సిన చోట కాకుండా దానికి ముందే తీసుకున్నాడు. తీసుకున్న ఊపిరిలో సన్నని గురక ఉంది. ఒకప్పుడు ఒక్క గుక్కలో లాగే వరుస ఇప్పుడు మూడు ముక్కలైంది. తెగిన చోట్లను అతను గమకాలతో చాకచక్యంగా అతికిస్తున్నాడు. ఆ అతుకులు వేరెవరికీ తెలియవు.

"ఆపు," అంది మాబున్ని.

దస్తగిరి ఆపాడు. "ఏం, గబ్బిలం వచ్చిందా?"

"గబ్బిలం కాదు. ఊపిరి తెగుతాంది నీకు. ఎప్పటినుంచి ఇది?"

అతను ఆమె వంక కళ్లు పెద్దవి చేసుకుని చూశాడు. "వినపడిందా నీకు?"

"ఎప్పటినుంచని అడుగుతాండా."

"ఏడాదిపైనే అయింది. మెట్లెక్కితే కూడా ఆయాసమొస్తాది. ఎవరూ కనుక్కోలేదే! పక్కనే కూర్చుని వాయించే ఓబులేసుకే తెలీదు," అన్నాడు దస్తగిరి. అని, వంటింటి వైపు తిరిగి కేకేశాడు, "అమ్మా! మాబుకు వినపడిందే!" లాటరీ తగిలినవాడిలా వెలిగిపోతోంది అతని మొహం.

ఏడాది. నాదస్వరం అటక ఎక్కేదాకా ఆ ఊపిరి ఆమె ఎదుటే రోజూ పొద్దున తెగుతూ వచ్చింది. ఆమె గోడలనూ పైకప్పునూ వింటూ, బాగుందని తలూపుతూ కూర్చుంది. మాబున్ని మడతపెట్టిన బట్టలను పక్కకు తోసింది.

"రేపు పొద్దున్నే కర్నూలు పెద్దాసుపత్రికి పోదాం."

"పోదాం లే. యాడికి పోతాది ఆసుపత్రి? ఇంకొక్కసారి విను మాబూ, ఆ పైస్థాయి ఈసారి సరిగ్గా పలికిస్తా," అంటూ అతను మళ్లీ పీక పెదాలకు ఆనించుకోబోయాడు.

ఆ ఒక్క స్వరం కోసం ఇన్నాళ్లూ మొహం వాచిపోయిన మాబున్ని, అతని చేతుల్లోంచి నాదస్వరం లాగేసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.